పెరటి గోడ కన్నాలు

నాన్నా,

ఇవాళ పెద్దవాన పడింది. మన పెరటి గోడ నిలిచింది. ఈ మాట నీకు కాక ఇంకెవరికి రాయను?

కిందటి వానకి అది కూలింది. తప్పు నాదే. వెనక దిబ్బ మన్ను ఇంటిమీదికి జారకుండా నువ్వు రాతిగోడ కట్టి, అడుగున వరసగా కన్నాలు వదిలావు. ముయ్యొద్దురా అని ఎన్నిసార్లు చెప్పావో! నువ్వు పోయాక, పాములు దూరతాయని అన్నిటినీ సున్నంతో పూడ్చేశాను. గోడ నున్నగా ఉందని మురిశాను కూడా. ముసురు పట్టేసరికి గోడ ఉబ్బి, ఆవుల శాల మీదికి విరిగిపడింది. అమ్మ ముందే ఆవుని విప్పి వీధిలో కట్టింది కాబట్టి అది బతికింది.

నీతో గోడలు కట్టిన ఎర్రయ్య తాత బుచ్చయ్యపేట నుంచి వచ్చి చూశాడు.

"కన్నాలు మూసీసినావేటి బాబూ? లోపల నీరు ఎటెల్తాది? ఆ కన్నాలు మీ నాన్న పాముల కోసం ఒగ్గీసినాడనుకున్నావేటి?"

నిలిచిన భాగం వెనక తవ్వి చూపించాడు. మన్ను కొట్టుకురాకుండా ప్రతి కన్నం వెనకా నువ్వు గులకరాళ్లు పేర్చి ఉంచావు. ఎవరూ చూడని చోట అంత ఓపిక ఎలా వచ్చింది నీకు?

పాత కన్నాలన్నీ తెరిచాం. కూలినచోట కొత్తగా కట్టేటప్పుడు చివరి కన్నం తాత నాచేతే పెట్టించాడు.

ఇవాళ నీ కన్నాల్లోంచి నీరు ధారగా వచ్చింది. నా దాంట్లోంచి రాలేదు. తడుస్తూ అక్కడే నిలబడ్డాను. చాలాసేపటికి వచ్చింది, మొదట ఎర్రగా, తర్వాత తేటగా. అమ్మ దాని కింద దోసిలి పట్టింది.

"ఇన్నాళ్లకి మీ నాన్న మాట ఇన్నావురా" అంది.

ఇట్లు,
చివరి కన్నం పెట్టిన నీ కొడుకు