పలచటి తోలు ముక్క

నాన్నా, నేను కులాసా. బిష్కెక్‌లో చలి గట్టిగానే ఉంది కానీ కొట్లో పొయ్యి ఉంది, అమ్మని దిగులు పడొద్దను.

రిమోటుతో నడిచే బొమ్మ ట్రక్కులు బాగుచేస్తున్నాను. ఒకాయన ట్రక్కులో ప్లాస్టిక్ గేరు మాటిమాటికీ విరుగుతోందని, పాత డ్రిల్లు మిషన్‌లోంచి ఇనప గేరు తీసి చవకగా వేసిచ్చాను. వారానికి ఇరుసు విరిగింది. అదీ ఇనపదే వేశాను. ఈసారి గేర్ల పెట్టే పగిలింది. "ఏం తమ్ముడూ, బాగుచేస్తున్నావా, ముక్కముక్కగా చంపుతున్నావా?" అన్నాడాయన.

మా ఉస్తాద్ సపర్‌బాయ్ అన్న నవ్వాడు. "చక్రం రాళ్లలో ఇరుక్కుంటే ఏదో ఒకటి విరగాలి కదరా! చవకది విరగనీ. ఆ ప్లాస్టిక్ గేరే పెట్టు."

నువ్వు గుర్తొచ్చావు. మంచుబండికి గుర్రాన్ని కట్టే పట్టీలో ఎప్పుడూ ఒక పలచటి తోలు ముక్క కలిపి కుట్టేవాడివి. పిసినారితనమని ఎగతాళి చేసి, దాని బదులు గొలుసు వేశాను. గడ్డి బండి మంచులో కూరుకుపోతే గొలుసు తెగలేదు, బూడిద రంగు గుర్రం కాలు దెబ్బతింది. నువ్వు ఒక్క మాటా అనలేదు. అందుకే ఇంట్లో ఉండలేక వచ్చేశాను.

గుర్రం ఇంకా కుంటుతోందా? దాచకుండా రాయించు. అమ్మ చేసిన ఎండు పెరుగు ఉండలు ఎవరైనా ఇటు వస్తుంటే పంపు. నానమ్మ చేతులు కళ్లకద్దుకున్నానని చెప్పు.

కొత్త పట్టీ కుడితే ఆ పలచటి ముక్క చోటు మాత్రం ఖాళీగా ఉంచు నాన్నా. మంచు కరిగి కొండ కనుమ దారి తెరుచుకోగానే వస్తాను, అది నేను కుడతాను.

ఎల్మాన్