మూడో వరుసలో ఎర్ర ముక్క

కడప,
జూన్ 4

లేవి బావకు, మరదలు రెజీనా వందనాలు.

ఫోన్ చేస్తే నువ్వు "ఊ" తప్ప ఏమీ అనవు. అందుకే జాబు రాస్తున్నాను. మోకాలి నొప్పి తగ్గిందా?

మా కుట్టుకేంద్రంలో పద్నాలుగు మంది ఆడవాళ్ళు బొంతలు కుడుతున్నారు. కుట్టు బాగుంది. రంగులే కుదరడం లేదు. ఫోన్లో బొమ్మలు చూసి కలుపుతారు. బొంత పరిస్తే మిఠాయి అంగడిలా ఉంటుంది. వచ్చినవాళ్ళు తిప్పి చూసి పెట్టేసి పోతున్నారు. ఇట్లే ఉంటే ఈ ఏడు కేంద్రం మూసుకోవాల్సిందే.

అక్క చీరలతో మీరిద్దరూ కుట్టిన బొంత ఒకసారి పంపు బావా. ఏ రంగు పక్కన ఏది పెట్టారో చూసి, అట్ట మీద గుడ్డముక్కలు అతికించి నమూనా చేసుకుంటాం. దానికి కత్తెర తగలనివ్వను. ఆగస్టులో అక్క జ్ఞాపకార్థ కూడికకు నేనే భుజాన వేసుకొని తెస్తాను. పోయినేడు దాని మీద కూర్చొని పాస్టరమ్మ, "విశ్వాసమ్మ ఒళ్ళో కూర్చున్నట్టు ఉండాది" అన్న మాట నేను మరిచిపోలేదు.

నీ మరదలు,
రెజీనా

*

డోన్ మండలం,
జూన్ 11

ప్రేమగల రెజీనమ్మకు, బావ లేవి రాయునది.

మోకాలు అట్లే ఉంది. వాన లేదు.

మా తమ్ముని కొడుకు హెన్రీ కడపకు వస్తున్నాడు. బొంత వాని చేతికిచ్చినాను. ఇవ్వడానికి రెండు దినాలు పట్టింది. మడిచేది, మళ్ళీ విప్పేది.

రంగులు ఎట్లా కలిపేది అని అడిగినావు. చెప్పడం రాదు. చేసేది రాస్తాను. ముక్కలన్నీ వాకిట్లో ఎర్రమట్టి మీద పరుస్తాను. పొద్దు నడినెత్తికి వచ్చినప్పుడు కళ్ళు సగం మూసి చూస్తాను. ఏ ముక్క ముందుకు దూకితే దాన్ని తీసి అంచుకు పెడతాను. అన్నీ అణిగి ఉంటే కూడా బొంతకు ఊపిరి ఉండదు. అందుకని పది ముక్కలకు ఒక పసుపు. రెండోది పెడితే మీ అక్క, "చాల్లేప్పా, ఇదేమన్నా పెండ్లా" అనేది.

నా కంటి సంగతి మీ అక్కకూ నీకూ తప్ప ఎవరికీ తెలియదు. ఎరుపు, పచ్చ నాకు ఒకటే. నేను చూసేది వెలుగూ నీడా. మీవాళ్ళతో ఈ మాట అనవద్దు. సిగ్గు.

బొంతను ఉతకవద్దు.

బావ,
లేవి

*

కడప,
జూన్ 30

బావకు వందనాలు.

బొంత చేరింది. నువ్వు చెప్పినట్టు మేడ మీద ఎర్రమట్టి పోయించి ముక్కలు పరిచాం. మొదటిసారి రంగులు ఒకదానితో ఒకటి కొట్లాడుకోలేదు. యామిని అని మా దగ్గర చేయి తిరిగిన పిల్ల ఉంది. పది ముక్కలకు ఒక పసుపు అనే మాట గోడ మీద రాసిపెట్టింది. మూడో వరుసలో పచ్చల మధ్య ఒక ఎరుపు చూసి, "ఏమక్కా, మీ అక్క నిద్రపోతా కుట్టిందా" అని నవ్వింది.

గండికోట దగ్గర కొత్త హోటల్ వాళ్ళు వచ్చారు. అక్క బొంత చూసి, గోడకు పెట్టుకుంటామన్నారు. మా బావ ప్రాణమైనా ఇస్తాడు గాని అది ఇవ్వడన్నాను. అట్లాంటిదే ఇంకొకటి కుట్టిస్తానని చెప్పాను. కొలతలకు ఇది ఇంకో నెల ఉండాలి. ఏమీ అనుకోకు.

రెజీనా

*

డోన్ మండలం,
జులై 16

రెజీనమ్మకు బావ రాయునది.

బొంత పోయి నెల దాటింది. కొలతలు తీసుకొని ఉంటారు. బొంత పంపు.

రాత్రి కాళ్ళకు చలిగా ఉంది. ఈ ఎండల్లో చలేమిటని నవ్వుకోవద్దు.

ఆ ఎర్ర ముక్క సంగతి నువ్వు వచ్చినప్పుడు చెబుతాను. జాబులో రాయలేను.

బావ,
లేవి

*

కడప,
ఆగస్టు 9

బావకు వందనాలు.

బొంత పార్సిల్ చేశాను. నేనే తేవాలనుకున్నాను, కానీ హోటల్ వాళ్ళు నలభై బొంతలు అడిగారు. కూడికకు కూడా రాలేను. క్షమించు.

పిల్లలు తెలియక ఉతికేశారు. అందుకే కొంచెం కొత్తగా అనిపిస్తుంది. పోగులు లేచినచోట మళ్ళీ కుట్టించాను. చూసుకో.

రెజీనా

*

డోన్ మండలం,
ఆగస్టు 23

రెజీనాకు లేవి రాయునది.

కూడిక జరిగింది. చాప వేసినాను. పాస్టరమ్మ "బొంత యాడన్నా?" అనింది. "ఉతికినాము, ఆరలేదమ్మా" అన్నాను. మీ అక్క పేరున పెట్టిన ప్రార్థనలో అబద్ధమాడినాను.

నువ్వు పంపినది విప్పిన దినమే అడుగున చెయ్యి పెట్టి తడిమినాను. ముడులు లేవు.

ముడుల సంగతి నీకు తెలియదు. అది మేము కలిసి కుట్టిన మొదటి బొంత. నేను ముక్కలు పేర్చేది, ఆమె కుట్టేది. మూడో వరుసలో పచ్చ అనుకొని ఎరుపు పెట్టినాను. చూసి కూడా ఆమె అట్లే కుట్టింది. తర్వాత చెప్పింది. విప్పుతానంటే, "ఉండనీ. నీ కన్ను ఎట్లాంటిదో నాకు దీంట్లోనే తెలిసింది" అనింది. ఆ పొద్దే ఎర్ర ముక్క ఉన్న ప్రతి చోటా అడుగున ఒక దారపు ముడి వేసింది. అప్పటినుంచి ఎరుపును నేను వేళ్ళతో చూస్తాను.

మీవాళ్ళు పైన రంగులు చూసినారు. అడుగు చూడలేదు.

పక్కింటి రాహేలమ్మను పిలిచి, మూడో వరుస ఐదో ముక్క ఏ రంగని అడిగినాను. "ఏమప్పా, కండ్లు యాడ పెట్టినావు? వరుసంతా పచ్చే గదా" అనింది. ఎరుపు, పచ్చ నాకు ఒకటేనని చెప్పినాను. ఇన్నేళ్ళు దాచినది ఆమెకు చెప్పుకోవలసి వచ్చింది.

తర్వాత హెన్రీని గండికోటకు పంపినాను. వాడు వచ్చి తలవంచుకొని, "పెద్దమ్మ బొంత హోటల్లో అద్దం ఎనక ఉండాది పెదనాయనా. ఎర్ర ముక్క కూడా ఉండాది. చట్రానికి సరిపోక అంచులు కత్తిరించినారు" అన్నాడు.

కత్తెర తగలనివ్వనన్నావు.

కేంద్రం నిలవాలని నీకు ఉంటుంది. పద్నాలుగు మంది ఇండ్లు దాని మీదే నడుస్తాయి. నువ్వు అడిగి ఉంటే ఏమనేవాణ్ణో నాకే తెలియదు. నువ్వు అడగలేదు. ఆయనకు కనబడదు గదా అనుకున్నావు. నా కన్ను సంగతి మీ అక్క నీకు చెప్పింది ఇందుకు కాదు.

నీ బొంత తిరిగి పంపుతున్నాను. కుట్టిన చెయ్యి మంచిది. ఆ యామినితో నాకు తగువు లేదు. కత్తిరించినది నాకు వద్దు.

ఒక్క పని చెయ్యి. హోటల్ వాళ్ళ దగ్గరకు నువ్వే పో. మూడో వరుసలో ఐదో ముక్క ఎరుపని, అది అట్లే ఉండాలని చెప్పు. మీవాళ్ళ మాదిరి ఎవరైనా సరిచేయబోతారు. విప్పి పచ్చ పెట్టనీయవద్దు.

లేవి