కాగితం మీద లేచిన గోడ

ప్రియమైన తమ్ముడికి,

మరదలూ పిల్లలూ కులాసా అనుకుంటాను. నేను మాత్రం కుతకుత ఉడికిపోతున్నాను. ఎవరిమీద అరవాలో తెలియక నీకు రాస్తున్నాను. బడులకు డబ్బు పంచే ఆఫీసులో కూర్చున్నందుకు నీకీ శిక్ష తప్పదు.

మా బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డి గోడ వానలకు కూలిందని రెండేళ్లుగా అర్జీలు పెడుతూనే ఉన్నాను కదా. డబ్బు వచ్చింది. ఎప్పుడనుకున్నావు? గురువారం మధ్యాహ్నం. సోమవారానికి ఏడాది లెక్కలు మూసేస్తారట, ఈలోపు ఖర్చు కాకపోతే వెనక్కి పంపాలట! మేస్త్రిని పిలిస్తే, "అమ్మగారూ, గోడ తడి ఆరడానికే వారం పడుతుంది, నేనేమైనా గారడీవాణ్ణా?" అని నవ్వాడు. పక్క ఊరి హెడ్మాస్టరు, "ఏదో ఒక బిల్లు పెట్టేయండి మేడం, అందరం చేసేదే" అని ఉచిత సలహా పారేశాడు. నాకు చేతకాలేదు. పైసలతో సహా వాపసు చేశాను.

నా దిగులంతా దర్జీ కూతురి గురించి. ఎనిమిదో తరగతి. నేను తడుముకునే లెక్క అది నోటితో చెప్పేస్తుంది. "వచ్చే ఏడాది కూడా గోడ లేవకపోతే పిల్లని మానిపించేస్తానమ్మా" అని చెప్పేశాడు వాళ్ల నాన్న. అతన్ని ఏమనగలను?

నీ
పెద్దక్క

*

ప్రియమైన పెద్దక్కకి,

బావగారికి నమస్కారాలు. నీ ఉత్తరం ఆఫీసులోనే విప్పాను, పక్క సీటాయన "ఏంటి సార్, ఇంట్లో ఎవరైనా పోయారా?" అని అడిగాడు.

నీ కోపం న్యాయమే. కానీ డబ్బు వాపసు చేసి తప్పు చేశావు. వాపసు చేసిన బడికి అవసరం లేదని అర్థం చేసుకుంటారు ఇక్కడ. ఇటుకలు కొని పడేసినా సరిపోయేది కదే!

ఆలస్యానికి నన్ను తిట్టకు. ఒకప్పుడు పలుకుబడి ఉన్న బడులకు ముందు, మిగతావాళ్లకు మిగిలితే అన్నట్టుండేది. నేను పోట్లాడి ఆ పద్ధతి మార్పించాను. మా జిల్లాలో రెండొందల పన్నెండు బడులు. కిందటేడు డబ్బు దేనికి ఖర్చు చేశారో చెప్పే వినియోగ పత్రం అన్ని బడుల నుంచీ వచ్చాకే, అందరికీ ఒకే రోజు డబ్బు విడుదల. ఒక్క బడి కూడా వెనకబడకూడదు. నా ఉద్యోగంలో నేను గర్వపడేది అదొక్కటే. చిక్కేమిటంటే, ఏటా ఎవడో ఒక బద్ధకస్తుడు ఆ పత్రం పంపకుండా కూర్చుంటాడు. వాడికోసం అందరూ ఆగాలి.

నువ్వు నీళ్లూ తిండీ సరిగ్గా చూసుకో. బీపీ మాత్ర మానకు.

నీ
తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరానికి జవాబు రాయడానికి ఏడు నెలలు పట్టింది. డబ్బు వస్తే సంతోషంగా రాద్దామనుకున్నాను. రాలేదు. అందుకని ఇలాగే రాస్తున్నాను.

మొన్న దర్జీ కూతురు బోర్డు దగ్గర లెక్క చేస్తూ కుప్పకూలిపోయింది. బడి ఎదురింటి నర్సమ్మ వచ్చి చూసి, "ఈ పిల్ల పొద్దున్నుంచి నీళ్లు తాగలేదు టీచర్" అంది. ఒక్కొక్కరినే లేపి అడిగాను. నలభై ఒక్క మంది ఆడపిల్లల్లో బడికొచ్చే ముందు నీళ్లు తాగేవాళ్లు ఎందరో తెలుసా? ముగ్గురు. గోడ లేని దొడ్డికి వెళ్లలేక మిగతావాళ్లంతా చాలాకాలంగా ఇలాగే ఉన్నారట. ఇన్నాళ్లూ గమనించనందుకు నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది. దర్జీ వచ్చి పిల్లని భుజాన వేసుకుని వెళ్లాడు. పరీక్షలయ్యేదాకా పంపుతాడు, ఆ తర్వాత మిషన్ దగ్గర కూర్చోబెడతాడట.

ఇంకో విడ్డూరం. మీ పత్రం మాకూ వచ్చింది కదా, అందులో ఒకే ఒక్క వాక్యం అచ్చువేసి ఉంది: "మంజూరైన మొత్తాన్ని పూర్తిగా ఖర్చు చేసి పని పూర్తిచేశాము." కింద సంతకం. వాపసు చేసినవాళ్లు ఏం రాయాలి? నేనా వాక్యం కొట్టేసి, పైన "డబ్బు వాపసు చేశాము, గోడ కట్టలేదు" అని రాసి ఎప్పుడో పంపేశాను.

ఈ ఏడాది అడ్డంపడ్డ ఆ బద్ధకస్తుడెవడో చెప్పు. వాడి బడికి నేనే బస్సెక్కి వెళ్తాను. అందరి ముందూ వాడి చెవి మెలిపెట్టకపోతే చూడు!

నీ
పెద్దక్క

*

అక్కా,

ఎలా రాయాలో తెలియడం లేదు. నీ ఉత్తరం చూసి బీరువాలో ఆగిపోయిన కట్ట విప్పించాను. రెండొందల పదకొండు పత్రాలు సరిగ్గా ఉన్నాయి. ఒక్కటి "అసంపూర్ణం" అని పక్కన పెట్టారు. వాక్యం కొట్టేసి ఉంది. దస్తూరీ చూడగానే నీదని తెలిసింది.

వాపసు డబ్బు ఖజానా వాళ్ల లెక్కలో ఉంటుంది, పత్రం మా లెక్కలో. ఆ రెండు లెక్కలూ ఎప్పుడూ కలవవు. కొట్టివేత ఉన్న పత్రం చెల్లదని మా పై అధికారి అంటున్నాడు. నువ్వు లేకుండా మిగతావాళ్లకు ఇద్దామంటే, నేను పెట్టిన రూలే నా గొంతు పట్టుకుంది.

ఇంకో పత్రం పంపుతున్నాను. కళ్లు మూసుకుని సంతకం పెట్టు. నీకు దండం పెడతాను. అన్ని బడులూ ఎదురుచూస్తున్నాయి.

తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

సంతకం పెట్టాను. ముప్పై ఏళ్ల సర్వీసులో మొదటి అబద్ధం. ఒళ్లు మండిపోతోంది, కానీ నీమీద కాదు. మనం ఇద్దరం ఒళ్లు దగ్గర పెట్టుకుని నిజాయితీగా పనిచేసి, రెండొందల బడుల నోరు కొట్టాం. ఇది ఎలాంటి ఏర్పాటురా? ఇటుకలు కొని మూలన పడేసినవాడు మంచివాడు, దొంగ బిల్లు పెట్టినవాడు చురుకైనవాడు, ఉన్నమాట రాసినది అడ్డంకి!

కళ్లు మూసుకుని పెట్టమన్నావు. నేను కళ్లజోడు పెట్టుకుని రెండువైపులా చదివాను. ముందువైపు ప్రకారం మా గోడ లేచేసింది. లేచిన గోడకి ఇక ఎవరూ డబ్బివ్వరు. దర్జీ కూతురి చదువు అక్కడితో సరి. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకో రూలుంది, చదివావా? పత్రం అబద్ధమని తనిఖీలో తేలితే సంతకం చేసినవాళ్లని సస్పెండ్ చేయాలి, పనిని అరవై రోజుల్లో ప్రభుత్వమే పూర్తి చేయించాలి. నిజం రాస్తే ఏ గడువూ లేదు. అబద్ధం పట్టుబడితే అరవై రోజులు. అంటే ఆ పిల్ల పరీక్షలు అయ్యేలోపే గోడ లేస్తుంది.

ముందు అందరి డబ్బూ విడుదల చెయ్యి. అదయ్యాక తనిఖీ అధికారిగా నువ్వే రా. ఆ పని నీదేనని నాకు తెలుసు. నలభై ఒక్క మందినీ కూలిన గోడ పక్కన వరసగా నిలబెడతాను. చూసినది చూసినట్టు రాయి. "హెడ్మిస్ట్రెస్ తప్పుడు సంతకం చేసింది" అని స్పష్టంగా రాయి, నాకోసం ఒక్క మాట తగ్గించావంటే ఊరుకోను. మీ బావకి చెప్పాను. "పోనీలే, ఇంట్లో ఉంటే నాకు వేళకి కాఫీ దొరుకుతుంది" అన్నారు.

మంగళవారం పొద్దున బస్సుకి రా. ముందు బడికే రా, ఇంటికి కాదు. రిపోర్టు మీద సంతకం పెట్టాక ఇద్దరం కలిసి భోంచేద్దాం.

నీ
పెద్దక్క