ఓరుంబా ఖండానికి ముప్ఫైకి ఇరవై ఎనిమిది

పరీక్షల ఆఫీసులో ఫిర్యాదులు చూసే సార్ గారికి,

నమస్కారం సార్. నేనెవరో చెప్పను. నా హాల్ టికెట్ నంబరు కవరు లోపలివైపు పెన్సిల్‌తో చిన్నగా రాశాను. చూసుకుని రబ్బరుతో చెరిపేయండి.

నాకు హిస్టరీలో నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి. దయచేసి తగ్గించండి.

ఆఖర్న ముప్ఫై మార్కుల పెద్ద ప్రశ్న ఉంది కదా సార్, ఒక రాజవంశం గురించి వివరించమని. ఆ పేరు చూడగానే నాకు చెమటలు పట్టేశాయి. ఎప్పుడూ విన్నట్టే లేదు. టెన్షనొస్తే నాకంతే, మా ఇంటి నంబరు కూడా గుర్తుండదు. చుట్టూ చూస్తే అందరూ తల వంచుకుని బరబరా రాసేస్తున్నారు. ముందు బెంచీ అమ్మాయి అప్పుడే అడిషనల్ షీట్ అడిగింది. నేనొక్కదాన్నే ఖాళీగా ఉన్నానని ఇన్విజిలేటర్ మేడమ్ వచ్చి నా పక్కనే నిలబడింది. ఆవిడ అలా నిలబడేసరికి చెయ్యి దానంతటదే కదిలింది సార్. బుర్రలో ఏముంటే అది రాసేశాను.

నా బుర్రలో ఉన్నది ఒక ఖండం. ఆరో క్లాసు నుంచీ ఉంది. పేరు ఓరుంబా. ఎవరికీ చెప్పలేదు, అమ్మకి కూడా. అక్కడి జనాల గురించి, వాళ్ళ యుద్ధం గురించి పేజీలు పేజీలు రాశాను, బెల్లు కొట్టేదాకా. దానికి ముప్ఫైకి ఇరవై ఎనిమిది వేశారు!

సున్నా వేసేయండి సార్. డెబ్భైతో హాయిగా బతికేస్తా. జవాబు మాత్రం ఇంటికి పంపొద్దు. మా వీధి చివర బట్టలు కుట్టే అక్క కొట్టుకి పంపండి, అడ్రసు వెనకాల ఉంది.

గజగజ వణుకుతూ,
ఆ హాల్ టికెట్ నంబరు అమ్మాయి

తా.క.: తెలుగులో తప్పులుంటే తిట్టుకోకండి, నాది ఇంగ్లీష్ మీడియం. ఇంగ్లీషులో రాస్తే, ఈ ఉత్తరం మా స్కూల్లో ఎవరి చేతికైనా చిక్కితే చదివేస్తారు. తెలుగైతే ఆ భయం లేదు.

*

చిరంజీవి విద్యార్థినికి,

పరీక్షల ఆఫీసు ఫిర్యాదుల సీటు ఆశీస్సులు.

మీ దరఖాస్తు అందింది. కంగారులో ‘పెంచండి’ అనబోయి ‘తగ్గించండి’ అన్నారు. పర్వాలేదు, ఆ వయసులో సహజం. తల నెరిసేదాకా ఈ సీట్లోనే ఉన్నాను, మార్కులు తగ్గించమన్న మనిషిని చూడలేదు. అలాంటి దరఖాస్తుకి మా దగ్గర ఫారం కూడా లేదు.

రూలు ప్రకారం మీ పేపరు మళ్ళీ బయటికి తీయించాం. దిద్దిన మాస్టారిని పిలిచి అడిగితే ఆయన నొచ్చుకున్నారు. “హెడ్డింగు కింద స్కేలు పెట్టి గీత కొట్టింది. మార్జిన్ వదిలింది. ముఖ్యమైన మాటలకి ఆకుపచ్చ స్కెచ్ పెన్ను. ఇంత శుభ్రంగా రాసే పిల్ల తప్పు రాస్తుందటండీ? ఇంక చదవడం ఎందుకు?” అన్నారు. మా దగ్గర దిద్దే పద్ధతే అది. అనుభవం మీద వచ్చింది.

అయినా మీ అనుమానం వృథా పోలేదు. ఆ జవాబులో మీరు గీసిన మ్యాపుకి వేయాల్సిన రెండు మార్కులు వేయడం మర్చిపోయారు. కలిపాం. ఇప్పుడు మీకు నూటికి నూరు! మొత్తం పరీక్షకి మీరే ఫస్టు. ఆ జవాబుని నమూనా జవాబుగా ఇంగ్లీషులోనూ తెలుగులోనూ అచ్చువేసి అన్ని స్కూళ్ళకీ పంపుతున్నాం. బహుమతుల సభలో దాని గురించి మీరు మైకులో మాట్లాడాలి.

ఇంత మంచి కబురు కుట్టు కొట్టుకి పంపితే ఏం బాగుంటుందని, కొత్త మార్కుల కాగితం నేరుగా మీ నాన్నగారికే పంపాం.

మీ అభివృద్ధి కోరే,
ఫిర్యాదుల సీటు

తా.క.: మ్యాపులో సముద్రం మధ్య ఉన్నది దీవేనా, సిరా మరకా? మాస్టారు దీవి అనుకునే రెండో మార్కు వేశారు.

*

సార్ గారికి,

కొంప ముంచారు సార్.

మా నాన్న లిఫ్టులు బాగుచేస్తారు. మీ కాగితం వచ్చిన దగ్గర్నుంచి, ఆయన చెయ్యేసిన ప్రతి లిఫ్టులోనూ నా మార్కుల జెరాక్స్ అంటిస్తున్నారు. “ఎందుకు నాన్నా?” అంటే, “ఎక్కినోళ్ళు దిగేదాకా ఏం చేస్తారే? గోడ చూస్తారు. ఆ చూసేదేదో నీ మార్కులు చూడనీ” అంటున్నారు. మా అత్తయ్య వాళ్ళ బిల్డింగులో అయితే నా ఫోటో కూడా పెట్టారు, ‘బరువు ఆరుగురికి మించరాదు’ అన్న బోర్డు కింద.

మీకు సరిగ్గా చెప్పలేదేమో, మళ్ళీ చెప్తా. ఓరుంబా లేదు సార్. ఎక్కడా లేదు. నేను కల్పించుకున్నది.

కొండల మీద ఇస్మారులనేవాళ్ళుంటారు. గట్టిగా మాట్లాడితే మంచు విరిగి మీద పడుతుందని పుట్టినప్పట్నించీ గుసగుసలే. సముద్రం ఒడ్డున ధుబ్బాలు. అలల హోరులో వినపడదని అన్నం తిన్నావా అన్నదీ కేకే. వీళ్ళిద్దరూ సంధి కోసం కలిశారు. ‘ఏంటి అరుస్తున్నారు?’ అని ఇస్మారులకి కోపం. ‘ఏంటి గుసగుసలాడుతున్నారు, మన మీద కుట్రే’ అని ధుబ్బాలకి కోపం. అట్లా యుద్ధం మొదలైంది. మధ్యలో తూకర్లు. వీళ్ళ మాట వాళ్ళకి, వాళ్ళ మాట వీళ్ళకి చేరవేస్తూ దారిలో కాస్త కలుపుతారు.

ఇదంతా అబద్ధం సార్! అచ్చువేస్తే ఎవరో ఒకరు కనిపెట్టేస్తారు. మైకు ముందు నన్ను నిలబెట్టి అడిగేస్తారు. నాకు క్లాసులో ‘ప్రెజెంట్ మేడమ్’ అనడానికే గొంతు రాదు. ప్లీజ్ సార్, అచ్చు ఆపి నా మార్కులు తీసేయండి.

ఏడుస్తూ,
అదే అమ్మాయి

తా.క.: అది సిరా మరకే. ఆ మార్కు కూడా తీసేయండి.

*

చిరంజీవి అమ్మాయికి,

ఫిర్యాదుల సీటు దీవించి రాసేది.

నీ ఉత్తరం చదివి మనసు కలుక్కుమంది. నూటికి నూరొచ్చిన పిల్ల ఇలా రాస్తోందంటే ఎవరో బెదిరిస్తున్నారన్నమాట. సెకండొచ్చిన పిల్లవాడా? వాడి తండ్రా? ధైర్యంగా చెప్పు.

జవాబు అబద్ధమన్నావు కాబట్టి ఇద్దరు చరిత్ర నిపుణులకి చూపించాం. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, “ఓరుంబానా! మా గురువుగారు ఒక రోజంతా చెప్పారు” అన్నారు. చిన్నాయన వెంటనే, “మా గురువుగారు రెండ్రోజులు చెప్పారు” అన్నారు. కాబట్టి ఖండం ఉంది. ఆ విషయంలో నువ్వేం దిగులుపడకు.

చిక్కల్లా తర్వాత వచ్చింది. నువ్వు ఇస్మారుల పక్షం వహించి రాశావని చిన్నాయన అభ్యంతరం. “ధుబ్బాలు నోరున్నవాళ్ళే కానీ మనసులో ఏమీ ఉండదండీ, మా మావగారిలా” అన్నారు. “నోటికొచ్చినట్టు అరిచి మనసు మంచిదంటే సరిపోతుందా?” అని పెద్దాయన. “మీరు గొణగడం ఆపి మాట్లాడండి” అని ఈయన. “మీరు అరవడం ఆపండి” అని ఆయన. టీలు చల్లారిపోయాయి. అప్పట్నించీ ఇద్దరికీ మాటల్లేవు. ఒకే గదిలో కూర్చుని, ఒకరి అభిప్రాయం ఇంకొకరికి నా చేత చెప్పిస్తున్నారు.

నమూనా జవాబు అచ్చయింది. అభ్యంతరం కింద చిన్నక్షరాల్లో వేశాం.

నీ క్షేమం కోరే,
ఫిర్యాదుల సీటు

తా.క.: ఆ ఇద్దరి మధ్యా మాటలు మోస్తూ, తూకర్లలాగే నేనూ దారిలో కాస్త కలుపుతున్నాను. కాలక్షేపంగా ఉంది.

మరో తా.క.: నువ్వు బెల్లు కొట్టేశారని యుద్ధం మధ్యలో ఆపేశావు. మా అమ్మాయి నీ ఇంగ్లీషు జవాబు చదివి మాకు చెప్పింది. ఇంటిల్లిపాదీ కంచాల ముందు కూర్చుని అడుగుతున్నారు, ఎలా ముగిసింది?

*

ఫిర్యాదుల సీటు సార్ గారికి,

నన్నెవరూ బెదిరించట్లేదు. మీరే బెదరగొడుతున్నారు.

నిన్న పిన్ని కూతురు మా ఇంటికొచ్చింది. దానికి పదేళ్ళు. సోఫా మీద ఊగుతూ బట్టీ పడుతోంది. “ఇస్మారులు గుసగుసలాడుటకు గల కారణములు. ఒకటి, మంచు. రెండు, కొండలు. మూడు...” అని ఆగి ఏడుపు మొహం పెట్టింది. మూడోది మర్చిపోయిందని స్కూల్లో దాని చేత గోడకుర్చీ వేయించారట. మోకాళ్ళు పట్టేసి మెట్లు దిగలేకపోతోంది. పిన్ని నూనె రాస్తూ, “మీ అక్కని చూసి నేర్చుకోవే, నూటికి నూరు తెచ్చుకుంది” అంటోంది.

మూడో కారణం లేదు సార్. నేను రాసినవి రెండే. మూడోది అచ్చులో ఎవరు కలిపారో మీకే తెలియాలి.

అది కుంటుకుంటూ వెళ్ళడం చూశాక నాకు అన్నం దిగలేదు. నాన్న బూట్లు విప్పుతుంటే వెళ్ళి నిలబడ్డాను.

“నాన్నా, ఆ ఖండం లేదు.”

“ఏ ఖండం?”

“నాకు మార్కులొచ్చిన ఖండం. నేనే కల్పించాను.”

నాన్న రెండో బూటు విప్పడం ఆపేశారు. తిడతారనుకున్నా. “మొత్తం నువ్వే కల్పించావా? జనాలూ, కొండలూ, అన్నీ?” అన్నారు. ఊఁ అన్నా. “ఇన్నాళ్ళూ అంత పెట్టుకుని నోరెత్తకుండా ఎలా తిరిగావే ఇంట్లో?” అన్నారు. తర్వాత స్క్రూడ్రైవర్ తీసుకుని, జెరాక్సులు గీకెయ్యడానికి బయల్దేరారు. జిగురు గట్టిది వాడారట, ఇంకా గీకుతూనే ఉన్నారు.

సభకి నేను వస్తాను. మైకు ముందు నిలబడి, ఇది అబద్ధం, పిల్లల చేత గోడకుర్చీలు వేయించకండి అని చెప్తాను. గొంతు రాకపోతే అట్ట మీద రాసుకొచ్చి చూపిస్తాను. ఈసారి కవరు మీద నా పేరు, మా ఇంటి అడ్రసు పెన్నుతో రాశాను. చెరపొద్దు.

కాళ్ళు వణుకుతున్నా నిలబడి రాస్తున్న,
లిఫ్టు మెకానిక్ గారి అమ్మాయి

తా.క.: యుద్ధం ఇలా ముగిసింది. కూలి చాల్లేదని తూకర్లు ఒకరోజు పని మానేశారు. ఇక ఇస్మారుల మాట వినాలంటే ధుబ్బాలు వాళ్ళ నోటి దగ్గర చెవి పెట్టాల్సొచ్చింది. అంత దగ్గరకి వచ్చాక, కత్తి తిప్పడానికి చోటు లేదు. మీ ఇంట్లో చెప్పండి. ఇది పరీక్షలో రాదు.

*

చిరంజీవి తల్లికి,

ఫిర్యాదుల సీటు నుంచి అనేక ఆశీస్సులు.

నీ ఉత్తరం మా పెద్దాఫీసరు గారి ముందు పెట్టాను. పేరు, అడ్రసు ఉన్న ఉత్తరం కదా, చదవక తప్పలేదు. చదివి, “అసలు మనం అడిగిందేమిటి?” అన్నారు. ఎవరికీ తెలీదు. అందరం జవాబులే చూశాం కానీ ప్రశ్న ఎవరూ చదవలేదు. వెతికించి తెప్పించి చదివాం.

అమ్మాయీ, ఆ రాజవంశం లేదు.

ప్రశ్న తయారుచేసినాయనకి ఫోను చేశాం. ఆయనకి పేపరు రాసేటప్పుడు పేర్ల చోట ఏదో ఒక మాట పెట్టుకుని, ఆఖర్న సరిచేసుకునే అలవాటట. ఆ ఒక్కచోట సరిచేయడం మరిచిపోయి పంపేశారు. అది వాళ్ళ ఇంటి కుక్క పేరు.

కట్టలన్నీ విప్పించాం. పరీక్ష రాసిన మిగతా పిల్లలందరూ, ఒక్కరు తప్పకుండా, ఆ వంశం చరిత్ర రాశారు. కళలను పోషించారట. చెరువులు తవ్వించారట. దారికి ఇరువైపులా చెట్లు నాటించారట. చివరికి వారసులు అసమర్థులై పతనమయ్యారట. ఆ కుక్క ఇంకా బతికే ఉంది. నిపుణులిద్దరినీ అడిగితే, ఆ వంశం గురించి కూడా తమ గురువుగారు చెప్పారన్నారు. ఈ ఒక్క విషయంలో ఇద్దరూ ఏకమై మళ్ళీ మాట్లాడుకుంటున్నారు.

సభ రద్దయింది. నమూనా జవాబు వెనక్కి తెప్పించాం. మీ చెల్లి మోకాళ్ళకి ఆఫీసు తరఫున నేనే క్షమాపణ చెబుతున్నాను, మూడో కారణం కలిపింది నేనే కాబట్టి. రెండే ఉంటే కాగితం బోసిగా కనిపించింది.

ఇక మార్కుల సంగతి. ప్రశ్న తప్పయితే, జవాబు రాసినవాళ్ళందరికీ పూర్తి మార్కులివ్వాలని రూలు. కాబట్టి అందరికీ ముప్ఫైకి ముప్ఫై ఇచ్చేశాం. నీకు తప్ప.

ఎందుకంటే, మార్కులు తీసేయమన్న నీ దరఖాస్తు అంతకుముందే వచ్చింది. ఆఫీసులో ముందొచ్చిన కాగితానిదే ముందు వరస. నీ ఒక్కదాని కోసం కొత్త ఫారం అచ్చువేయించి మరీ మంజూరు చేశాం. ముప్ఫైకి సున్నా. మొత్తం డెబ్భై. ఇంత పెద్ద పరీక్షలో కుక్క గారి పరిపాలన గురించి ఒక్క ముక్క రాయంది నువ్వొక్కదానివే. సున్నా వచ్చిందీ నీ ఒక్కదానికే. ఆ రెండో విషయం మాత్రమే రాతపూర్వకంగా ఇవ్వగలం.

ఎప్పటికీ నీ శ్రేయస్సు కోరే,
ఫిర్యాదుల సీటు

తా.క.: ప్రశ్న తయారుచేసినాయనకి నీ జవాబు చదవడానికిచ్చాను. బాగా నచ్చింది. వచ్చే ఏడాది పేపరు కూడా ఆయనదే. ఈసారి కుక్క పేరు వద్దని ఒట్టు పెట్టించుకున్నాం. పేర్ల చోట ‘ఓరుంబా’ పెట్టుకోవచ్చా, ఆఖర్న తప్పకుండా సరిచేస్తానని అడుగుతున్నారు.