నిమ్మకాయ మీగడకి పోయిన మీసం

ధవళేశ్వరం నుంచి తమ్ముడు సత్తియ్యకి అన్న దీవెనలు. నేను క్షేమం, మీసమే పోయింది.

నేను వంట చేసే బంగళాలో దొరసాని, పంచదార వేసి కాచిన మీగడలో నిమ్మకాయ పిండబోయింది.

"విరిగిపోద్దమ్మగారూ! విరక్కపోతే మీసం తీయించేసుకుంటా" అన్నాను.

ఆవిడ నవ్వుతూ పిండేసి, గిన్నె తడి ఇసకలో పెట్టింది. పొద్దున్నకి, ఏ ఆవూ ఈనకుండానే, జున్నులా పేరుకుందిరా! పుల్లగా, తియ్యగా, నాలిక మీద వెన్నలా కరిగిపోయింది. ఆ చేతికి దండం పెట్టి మంగలి దగ్గరికెళ్లాను.

మన గేదె పాలిస్తోందా? మీగడ తీసి ఉంచమని మీ వదినతో చెప్పు, నేనే చేసి పెడతాను. ఆదివారం వస్తున్నా. నా బోడి మూతి చూస్తే నాన్న పోయాడనుకుని ఊరంతా ఏడుపు మొదలెడుతుంది. ఆ పూట నాన్నని వీధరుగు మీద కూచోబెట్టి, చుట్ట ముట్టించి, దారినపోయేవాళ్లని గట్టిగా తిట్టమను. ఆయనకి నా దండాలు.