నువ్వు చెరిపిన బోర్డులు

నా బంగారు బుజ్జమ్మకి, లాడ్జి గదిలో కిటికీ పక్కన కూర్చుని మీ నాన్న రాస్తున్నది.

నేను బాగున్నాను. బాగున్నానంటే మామూలుగా కాదు, కాళ్ళు నేల మీద ఆనడం లేదు. ఎనిమిది రోజుల్లో మూడు ఊళ్ళు తిరిగి నూట అరవై ఫోటోలు తీశాను. బజారుకని చెప్పి బస్సెక్కేశానని నువ్వు మండిపడుతున్నావని తెలుసు. పడు. డెబ్భై మూడేళ్ళొచ్చాక కూడా అడిగి గడప దాటాలంటే నా వల్ల కాదు.

ల్యాప్‌టాప్ లేకుండా అన్ని ఫోటోలు ఎలా దాస్తావు నాన్నా అని ఫోన్‌లో దెప్పావు. ఇదిగో ఇలా. నువ్వు అటక మీద పడేసిన పాత కెమెరా, గోరంత మెమరీ కార్డులు రెండు, ఫోన్‌కి తగిలించే చిన్న ప్లగ్గు. దానికి ఒకపక్క కార్డు, ఇంకోపక్క పెన్‌డ్రైవ్ గుచ్చితే ఫోన్ మధ్యవర్తిలా అటు సరుకు ఇటు దింపుతుంది. నేర్చుకోడానికి రెండు రోజులు పట్టింది, పట్టనీ. నెట్‌లో పెట్టమన్నావు చూడు, ఈ లాడ్జి నెట్‌లో ఒక్క బోర్డు ఫోటో ఎక్కేలోపు నా టీ మీద మీగడ కట్టింది. పైగా ఆ ఖాతా తాళం నీ చేతిలో ఉంది.

అసలు మాట అదే. పోయినేడు నా ఫోన్ నిండిపోయిందని శుభ్రం చేసి ఇచ్చావు గుర్తుందా. "షాపుల బొమ్మలన్నీ తీసేశాను నాన్నా, పిల్లల ఫోటోలకి చోటొచ్చింది" అన్నావు. నేను పోనీలేమ్మా అన్నాను. అది పోనీలే కాదు. నలభై ఏళ్ళు నేను దుకాణాలకి రాసిన బోర్డులవి. వాటిలో కొన్ని ఈపాటికి పీకేశారు, మళ్ళీ తీయడానికి లేవు. నీ ముందు నవ్వి, స్నానాల గదిలోకి పోయి కుళాయి తిప్పి ఏడ్చాను. ఏడాదిగా మింగిన మాట ఇవాళ కక్కేశాను.

మిగిలినవి తీసేదాకా ఇంటికి రాను. కార్డు నా బనీను జేబులో ఉంటుంది. నకలు దింపిన పెన్‌డ్రైవ్ ఈ కవర్లోనే పెడుతున్నాను. అవును, చెరిపిన నీకే. పారేసిన చేత్తోనే కాపలా కాయి. దాన్ని తెరవొద్దు, శుభ్రం చేయొద్దు. చోటు చాలకపోతే మీ ఇంట్లో ఇంకేదైనా పారెయ్.

నిన్ను తిట్టి కూడా సంతోషంగా ఉన్న
మీ నాన్న

*

బుజ్జమ్మా, పదమూడో రోజు, ఇంకో ఊరు, ఇంకో లాడ్జి. ఈసారి తిట్లన్నీ నాకే.

రెండు కార్డులూ ఒకలాగే ఉన్నాయి, కలిసిపోతాయేమోనని ఎనామిల్ రంగుతో ఒకటి, రెండు అని అంకెలేశాను. అంతటితో ఆగితే నేనెందుకవుతాను. ఖాళీ జాగా కనబడితే బార్డరు గీయకుండా ఈ చెయ్యి ఊరుకోదు కదా, చుట్టూ ఎర్ర బార్డరు కూడా లాగాను. భలే కుదిరింది. ఆ రంగు కార్డుల వెనకవైపు బంగారు గీతల మీదికి కారింది. తుడుద్దామని టర్పెంటైన్ రాశాను, అది లోపలికి దిగింది. ఫోన్‌కి పెడితే కార్డే లేదంటుంది.

ఇక్కడ ఫోటో స్టూడియో నడిపే అమ్మాయి దగ్గరికి పరిగెత్తాను. అవి చూసి నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది. ఇన్నేళ్ళలో కార్డుకి బార్డరేసిన మనిషిని చూడలేదట. రెండోదాన్ని రబ్బరుతో రుద్ది రుద్ది బతికించింది. మొదటిది, ఆ నూట అరవై ఉన్నది, పోయింది.

"ఇంకో కాపీ ఉందా బాబాయ్?" అంది.

"ఉంది."

"ఎవరి దగ్గర?"

"చెరిపే మనిషి దగ్గర" అన్నాను.

కాబట్టి ఇప్పుడు ఉన్నది నీ చేతిలోదొక్కటే. బతిమాలడం లేదు, ఇంతకాలం దాచింది చెబుతున్నాను. ఆ బోర్డుల్లో అక్షరాలు నావి, అక్షరాల కింద నీడలు మీ అమ్మవి. పగలు రేకు మీద నేను అక్షరం రాసి, కొత్త పని అడగడానికి సైకిలెక్కి పోయేవాణ్ణి. తిరిగొచ్చేసరికి దాని పక్కన ముదురు రంగుతో నీడ పడి ఉండేది. ఆ నీడ వల్లే నా అక్షరం రేకు మీంచి లేచి నిలబడేది. దుకాణాల వాళ్ళు నా చేతిని మెచ్చుకుంటే మీసం దువ్వుకున్నానే గాని, ఆవిడ పేరు ఒక్కచోట ఎత్తలేదు. మీ అమ్మ పోయాక చూసుకుంటే ఆవిడ ఫోటోలు మనింట్లో రెండే ఉన్నాయి. ఆవిడ చేతిపని మాత్రం ఇన్ని ఊళ్ళలో ఎండకి ఎండుతూ ఉంది. నేను తిరుగుతున్నది అందుకు. ఇప్పుడు చెరుపుతావో ఉంచుతావో నీ ఇష్టం. నేను మాత్రం రాను.

మీ బార్డరు నాన్న

*

తల్లీ, తల్లీ, నా తల్లీ,

రాత్రి నువ్వు ఫోన్‌లో చెప్పినదానికి జవాబు రాయాలని మళ్ళీ కాగితం పట్టాను. తెరవొద్దన్నాను, తెరిచావు. ఊరికే కాపలా కాయమన్నాను, నీ ల్యాప్‌టాప్‌లో ఒక నకలు, ఆఫీసు కంప్యూటర్లో ఒకటి, అల్లుడుగారి ఫోన్‌లో ఒకటి దింపావు. పాపం ఆయన ఫోన్ నిండా ఇప్పుడు మంగలి షాపులే. మాట వినని కూతుర్ని కన్నందుకు నా అంత అదృష్టవంతుడు లేడు.

కానీ ఆ తర్వాత నువ్వన్న మాట దగ్గరే నేనింకా నిలబడి ఉన్నాను. "అమ్మకి మోచెయ్యి పట్టేసిన ఏడాది నుంచీ ఆ నీడలు నేనే వేశాను నాన్నా. నాకప్పుడు పన్నెండేళ్ళు" అన్నావు. నాకెందుకు చెప్పలేదంటే, అమ్మ వద్దందట. "నా పేరే ఎత్తని మనిషి, నీ పేరెత్తుతాడా" అందట. పోయినేడు నువ్వు నా ఫోన్‌లో ఆ బొమ్మలు చూసి, నాన్న తన అక్షరాల కోసమే తీసుకున్నాడనుకుని ఒళ్ళు మండి చెరిపేశావట. చోటు కోసం కాదట.

ఏడాదంతా నీ మీద అలిగాను. నువ్వు ముప్ఫై ఏళ్ళ నుంచి నా మీద అలిగి ఉన్నావు. నీదే పెద్ద లెక్క, ఒప్పుకుంటున్నాను. సిగ్గుతో తల వంగాలి, వంగింది కూడా. కానీ లోపల సంతోషం ఎగదన్నుతుంటే తల ఎంతసేపని వంగి ఉంటుంది. నా ఇంట్లో ఇద్దరు పనిమంతులుండగా నేనొక్కణ్ణే అనుకుని బతికానా?

ఇంక వచ్చెయ్ నాన్నా అన్నావు. రాను. ఇప్పుడు అసలే రాను. మొదటి ఊరి నుంచి మళ్ళీ మొదలెడతాను. నువ్వే సెలవు పెట్టి రా. ఏ నీడ మీ అమ్మదో, ఏది నీదో నాకు తెలియడం లేదు, వేలు పెట్టి చూపించు. నిన్ను బోర్డు కింద నిలబెట్టి ఫోటో తీస్తాను. ముఖం చిట్లించినా తీస్తాను.

నువ్వొచ్చేదాకా ఆగలేక పొద్దున్నే ఇక్కడి దర్జీ కొట్టుకి వెళ్ళాను. బయటికి రండి, మీ బోర్డు చూడండన్నాను. ఎందుకంటాడు. లాక్కొచ్చాను. ఈ అక్షరం నాది, ఈ నీడ మా ఆవిడది కావచ్చు, మా అమ్మాయిది కావచ్చు, ఈ నలభై ఏళ్ళూ పనంతా నా ఒక్కడిదే అని అబద్ధమాడానన్నాను. ఆయన టేపు మెళ్ళో వేసుకుని చాలాసేపు పైకి చూశాడు. తన బోర్డు తను అంతసేపు చూడటం అదే మొదటిసారట. తర్వాత "వాళ్ళ పేర్లేమిటి?" అన్నాడు.

చెప్పాను తల్లీ. రెండు పేర్లూ చెప్పాను. ఎదురు వరస దుకాణాల వాళ్ళు కూడా తలెత్తి చూసేంత గట్టిగా చెప్పాను.

నీ కోసం బస్టాండులో కాచుకుని ఉండే
మీ నాన్న