నీలం సంచి, క్రాంబీ బావ

డునెడిన్,
న్యూజిలాండ్

నాసోలెవు ఆరోగ్య కేంద్రం నర్సు శ్రీమతి తరైవిని గారికి,

మా కొత్త సంచిని వాడి చూసి చెప్పడానికి పసిఫిక్ దీవుల నుంచి మిమ్మల్ని ఎంపిక చేశామని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. "రోజూ పడవలో ఊరూరా తిరిగేదాన్ని, నా సామాను మోయగల సంచిని దేవుడింకా పుట్టించలేదు" అని మీరు రాసిన మాట మా యజమానురాలు మిసెస్ పెథరిక్ గారికి బాగా నచ్చింది.

ఈ ఓడలోనే సంచి పంపుతున్నాం. ముదురు నీలం రంగు మందపాటి కాన్వాసు, తోలు పిడులు, పైన జిప్పు, లోపల కాగితాలకూ నీళ్ళ సీసాకూ విడి అరలు. అడుగున ఇత్తడి బొడిపెలు ఉన్నందున కింద పెడితే తనంతట తానే నిలబడుతుంది. వెనక ఉన్న వెడల్పాటి పట్టీ ప్రయాణాల్లో చక్రాల పెట్టె పిడికి తగిలించుకోవడానికి. రోజువారీ పనికీ, ప్రయాణానికీ, పెద్దమనుషుల మధ్య మర్యాదగా కనిపించడానికీ ఇది పనికొస్తుందా లేదా అన్నదే మేము తెలుసుకోగోరేది.

షరతు ఒక్కటే. పరీక్ష ముగిసేదాకా ఈ సంచిని మీరు తప్ప మరొకరు వాడరాదు.

భవదీయుడు,
నార్మన్ క్రాంబీ,
పరీక్షల అధికారి, పెథరిక్ సంచుల కంపెనీ

తా.క.: సంచిని ఉతకవద్దు. ఉతికితే ఏమవుతుందో మాకు తెలుసు.

*

నాసోలెవు,
ఫిజీ

క్రాంబీ గారికి బులా!

మీ ఊరి చలి సంగతి విన్నాను కాబట్టి చల్లగా ఉండమని దీవించను. వెచ్చగా ఉండండి. తుఫానుకి పడ్డ సెల్ టవరు ఇంకా లేవలేదు, మాకు ఉత్తరాలే దిక్కు.

సంచి దిగింది. దాంతోపాటు ఊరంతా మా ఇంట్లో దిగింది. మా ఆయన జొయేలి దాన్ని నేలమీద పెట్టి, చెయ్యి వదిలేసి, కాసేపు చూసి, "నిజంగానే నిలబడిందే! శనివారం రాత్రి మీ తమ్ముడికంటే నయం" అన్నాడు. బీపీ మిషను, కట్లు, పసిపిల్లల్ని తూచే కాటా, మధ్యాహ్నానికి నా కసావా దుంపలు, అన్నీ పట్టాయి. చక్రాల పెట్టెలు మా దగ్గర లేవు, ఉన్నా దొర్లించడానికి రోడ్డు లేదు. అందుకని వెనక పట్టీలో తెడ్డు దూర్చి నేనూ జొయేలీ చెరో చివరా భుజాన పెట్టుకుంటే పెళ్ళికూతురి పల్లకీలా వచ్చింది.

ఈ సంచి కోసం ఎందుకింత ఆరాటపడ్డానో చెప్తాను. మా కేంద్రంలో టీకాల ఫ్రిజ్ చచ్చిపోయింది. టీకాలు ఐసు డబ్బాలో పెట్టి పడవమీద తెస్తుంటే దారిలోనే ఐసు కరిగిపోతోంది, తల్లులు పిల్లల్ని చంకనేసుకుని వచ్చి ఉత్త చేతులతో వెళ్తున్నారు. కొత్తది అడుగుదామని సువాలో పెద్దాఫీసుకి వెళ్ళాను. నా చేతిలో కొబ్బరాకు బుట్ట చూసి గుమ్మం దగ్గర మనిషి, "మార్కెట్టు అటు పక్కమ్మా" అన్నాడు. ఏడుపొచ్చింది క్రాంబీ గారూ. నిజంగా ఏడ్చాను. ఈస్టరు ముందు మళ్ళీ రమ్మన్నారు. ఈసారి మీ సంచి భుజాన వేసుకుని వెళ్తాను. మార్కెట్టుకి దారి ఎవడు చూపిస్తాడో చూస్తాను.

ఇట్లు,
తరైవిని

తా.క.: రాయడం మర్చిపోయాను. మా మేనత్త కొడుకు సెమి బావ వచ్చి సంచి అడిగాడు. ఇచ్చేశాను.

*

డునెడిన్

శ్రీమతి తరైవిని గారికి,

మీ ఉత్తరం చివరి మాట మీద మా విభాగంలో పూటంతా చర్చ జరిగింది. "ఇచ్చేశాను" అని ఎవరూ వాళ్ళంతట వాళ్ళు రాయరు. ఆ సెమి అనే వ్యక్తి పక్కన కూర్చుని రాయించాడని మా అనుమానం. అదే నిజమైతే ధైర్యంగా ఉండండి. మీ దీవిలోని పోలీసు ఠాణాకు ఈ రోజే ఫిర్యాదు పంపాను.

భవదీయుడు,
నార్మన్ క్రాంబీ

తా.క.: సంచిలో పెట్టిన కసావా దుంపలు పచ్చివా, ఉడికినవా? రిపోర్టుకి కావాలి.

*

నాసోలెవు

క్రాంబీ గారికి బులా!

అయ్యో రామా అనాలో, అయ్యో యేసయ్యా అనాలో తెలియడంలేదు. ఎంత పని చేశారండీ! మా దగ్గర చుట్టం నోరు తెరిచి "నాకియ్యి" అంటే లేదనడం ఉండదు. అడిగినవాడికి నామోషీ లేదు. లేదన్నవాడికే ఊళ్ళో తలెత్తుకు తిరగడానికి ఉండదు. దీన్ని కెరెకెరె అంటాం. వాడు సంచి పట్టుకెళ్ళాడు, రేపు నాకు అవసరమైతే వాడి పడవ పట్టుకొస్తాను. ఈస్టరు ముందు నేనే వాడిని అడిగి సంచి తెచ్చుకుందామనుకున్నాను. బావే కదా, నాలుగు తిట్టి మరీ తెచ్చుకునేదాన్ని.

సెమి దాంట్లో ఆక్టోపస్‌లు వేసుకొచ్చాడు. జిప్పు వేశాక ఒక్క చెయ్యి కూడా బయటికి రాలేదట. ఇది మీ రిపోర్టులో రాసుకోండి.

ఇంతలో మీ ఫిర్యాదు పట్టుకుని కానిస్టేబుల్ ఇలైసా దిగాడు. "దొంగసొత్తు ఏదిరా?" అని గద్దించాడు. సెమి తెచ్చి ముందు పెట్టాడు. ఇలైసా జిప్పు తీశాడు, వేశాడు, మళ్ళీ తీశాడు. భుజాన తగిలించుకుని కిటికీ అద్దంలో అటు తిరిగీ ఇటు తిరిగీ చూసుకున్నాడు.

"బాగుంది బావా! నాకియ్యి" అన్నాడు.

సెమి ఇచ్చేశాడు. ఇప్పుడు మీ సంచి పోలీసుల అధీనంలో భద్రంగా ఉంది. మీరు కోరుకున్నది అదే కదా.

ఇట్లు,
తరైవిని

తా.క.: ఉడికినవే.

*

డునెడిన్

శ్రీమతి తరైవిని గారికి,

దొంగతనం విచారించడానికి వచ్చిన పోలీసు ఆ వస్తువునే భుజాన వేసుకుని వెళ్ళడం మా కంపెనీ చరిత్రలో ఇదే మొదలు. మిసెస్ పెథరిక్ గారు రోజూ రిపోర్టు ఏదని అడుగుతున్నారు. మీ ఆచారం నాకిప్పుడు అర్థమైంది. కాబట్టి దారి సుళువు. మీరే వెళ్ళి కానిస్టేబుల్‌ను అడగండి. ఆయన లేదనకూడదు కదా!

భవదీయుడు,
నార్మన్ క్రాంబీ

తా.క.: ఆక్టోపస్ సంగతి మిసెస్ పెథరిక్ గారికి నేను చెప్పలేదు. టైపిస్టు చెప్పింది.

*

నాసోలెవు

క్రాంబీ గారికి బులా!

మీకు అర్థమైనంత సుళువుగా మాకు అర్థమైతే ఎంత బాగుండు! ఇలైసా మా పెద్దమ్మ కొడుకు. వరసకి నాకు అన్న. ఈడొచ్చాక అన్నతో చెల్లెలు ఎదురుపడి మాట్లాడదు మా దగ్గర. ఆయన ఈ గుమ్మంలోంచి వస్తే నేను ఆ గుమ్మంలోంచి పోతాను. ఇక "నాకియ్యి" అని అడగడం కూడానా! ఆయన సంచి పట్టుకెళ్తుంటే కిటికీ చాటునుంచి చూసి పెదవి కొరుక్కున్నాను.

సెమి అడగవచ్చు. కానీ ఇచ్చిన చేత్తోనే వెంటనే అడిగితే ఊరు నవ్వదూ? మా జొయేలితో సహా మిగతా బావలంతా ఆస్ట్రేలియాలో పళ్ళు కోయడానికి పోయారు. ఇంకెవరైనా మేము దంచి నీళ్ళలో కలిపి తాగే యంగోన వేరు తెచ్చి పెద్దల ముందు పెట్టి మర్యాదగా అడిగితే తప్ప ఆ సంచి కదలదు. ఈస్టరు దగ్గర పడుతోంది. నిన్న ముగ్గురు తల్లులు వచ్చారు, టీకాలు లేవని చెప్పి పంపాను. వాళ్ళు పిల్లల్ని మళ్ళీ చంకనేసుకుని పడవెక్కారు, అదే నాకు కష్టంగా ఉంది.

ఇట్లు,
తరైవిని

తా.క.: సంచిలో బేడీలు, విజిలు, మధ్యాహ్నం అన్నం సరిగ్గా పడుతున్నాయట. లాఠీ మాత్రం బయటికి పొడుచుకొస్తోందట. అంటే జిప్పు పడడంలేదు. రాసుకోండి.

*

డునెడిన్

శ్రీమతి తరైవిని గారికి,

నేనే అడుగుతాను. కానిస్టేబుల్ గారి పేరిట విడిగా ఉత్తరం పెట్టాను. "అయ్యా, ఆ నీలం సంచి నాకియ్యండి" అని ఉంది, మరేమీ లేదు. యంగోన వేరు ఈ ఊళ్ళో దొరకలేదు. కూరగాయల దుకాణంలో అల్లం ఇచ్చారు కానీ పెద్దల ముందు అల్లం పెట్టడం బాగుండదని నాకే తోచింది. అందుచేత మా అక్క చేసిన పళ్ళ కేకు పంపుతున్నాను. మీరు ఆ సంచితోనే సువా వెళ్ళాలి.

భవదీయుడు,
నార్మన్ క్రాంబీ

తా.క.: కేకు కోయడానికి మంచి కత్తి వాడండి. అది మా అక్క చేతి కేకు.

*

నాసోలెవు

బావా!

ఉలిక్కిపడకు, నిన్నే. పెద్దలంతా చాపలమీద కూర్చున్నారు. నీ కేకు మధ్యలో పెట్టారు. నీ ఉత్తరం చదివి చప్పట్లు చరిచి అందుకున్నారు. "ఈ క్రాంబీ ఎవరు, మన ఇలైసాకి ఏమవుతాడు?" అని ప్రశ్న వచ్చింది. చాలాసేపు ఆలోచించి మా పెద్దాయన, "ముక్కూ మొహం తెలియకుండా ఇంత దర్జాగా నాకియ్యి అన్నాడంటే బావే అయ్యుంటాడు" అని తేల్చేశాడు. అన్నకి బావవైతే నాకూ బావవే. ఇక నిన్ను ఏమన్నా అనవచ్చు, నువ్వు ఉడుక్కోకూడదు.

కేకుకి మామూలు కత్తి వంగిపోయింది. చివరికి యంగోన దంచే రోట్లో వేసి దంచాం. బాగుంది.

ఇలైసా మారు మాట్లాడకుండా సంచి ఇచ్చేశాడు. కానీ ఏం లాభం? నీ తెలివి తెల్లారినట్టే ఉంది! అడిగింది నువ్వు. అందుకని సంచి నీకే పంపారు. నేను కేంద్రంలో సూదిమందు వేస్తుండగానే ఓడ ఎక్కించేశారు. ఆ ఓడ కూత విని మందు గదిలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. అటకమీంచి కొబ్బరాకు బుట్ట దింపి దుమ్ము దులుపుతున్నాను.

దులుపుతుంటే తట్టింది. నువ్విప్పుడు బావవి కదా! బావా, ఆ సంచి నాకియ్యి.

నీ మరదలు,
తరైవిని

తా.క.: నీకు బట్టతలేనా అని పెద్దలు అడిగారు. ఎందుకైనా మంచిదని అవునన్నాను.

*

డునెడిన్

తరైవిని గారికి,

బావా అని పిలిచిన మనిషిని తిరిగి ఏమని పిలవాలో మా నిబంధనల్లో లేదు, మన్నించాలి.

సంచి అందింది. బల్లమీద పెట్టాను. అన్ని చేతులు మారి వచ్చినా తనంతట తానే నిలబడింది. కుట్టు ఒక్కటీ ఊడలేదు. ఆక్టోపస్ వాసన మాత్రం పోలేదు. ఆఫీసు పిల్లి నా బల్ల వదిలి వెళ్ళడంలేదు.

తిరిగొచ్చిన సంచిని నిలువునా కోసి లోపలి కుట్టు చూడాలని మా నియమం. మిసెస్ పెథరిక్ గారు కత్తెర తెచ్చారు. "కుదరదు మేడమ్, దీన్ని మా చుట్టాలమ్మాయి అడిగింది" అన్నాను. "నీకు ఫిజీలో చుట్టాలెవరయ్యా?" అన్నారు. "మొన్ననే అయ్యారు" అన్నాను. ఆవిడ కళ్ళజోడు కోసం వెళ్ళినప్పుడు సంచిని కోటు కింద దాచి బయటికి నడిచాను. విమానం టపాలో పంపేశాను.

మీతో ఒక మాట చెప్పాలి. ఈ వీధిలో ఇన్నేళ్ళుగా కాపురముంటున్నాను. ఒక్కరూ వచ్చి నన్ను నిచ్చెన కూడా అడగలేదు. నాకియ్యి అని ఎవరైనా అడిగితే మనసుకి ఇంత బాగుంటుందని నాకు తెలియదు.

మీ,
నార్మన్ క్రాంబీ

తా.క.: బట్టతల నిజమే. మీకెవరు చెప్పారు?

*

నాసోలెవు

క్రాంబీ బావకి వెయ్యి బులాలు!

సంచి సరిగ్గా ఓడ ఎక్కే ముందు చేతికందింది. సువాలో పెద్దాఫీసు గుమ్మం దగ్గర ఆ మనిషే ఉన్నాడు. నా భుజం చూశాడు, లేచి నిలబడ్డాడు, తలుపు తీసి "రండి డాక్టరమ్మా" అన్నాడు. నేను కాదని అనలేదు.

పెద్దాఫీసరు బల్ల పక్కన సంచి పెట్టాను. నిలబడింది. కాగితాలు తీశాను, ఒక్కటీ నలగలేదు. టీకాల గురించి, తల్లుల గురించి, కరిగిపోయే ఐసు గురించి చెప్పుకుంటూ పోయాను. ఆయన వింటున్నాడు కానీ చూపంతా సంచి మీదే.

"మీ అమ్మగారిది ఏ ఊరు?" అన్నాడు ఉన్నట్టుండి.

"నాలోతు అండీ."

"అరె, మా నాన్నది నాలోతే!"

గబగబా వరస లెక్కపెట్టుకున్నాను బావా. మా అమ్మది అని ఉంటే అన్న అయ్యేవాడు, నా నోరు మూతపడేది. నాన్నది అంటే మేనమామ కొడుకు వరస. బావ! ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "అయితే మరదలివే! ఆ సంచి నాకియ్యి" అన్నాడు.

కాగితాలన్నీ బల్లమీద కుమ్మరించి సంచి ఆయన చేతిలో పెట్టాను. పెట్టి, చెయ్యి తియ్యకుండానే అన్నాను: "బావా, ఫ్రిజ్ నాకియ్యి."

ఆయన నావైపు చూశాడు, సంచివైపు చూశాడు. కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వి సంతకం పెట్టాడు.

కాగితాలు పెట్టుకోవడానికి చేతిలో ఏమీ లేదు. గుమ్మం దగ్గర మనిషినే అడిగాను, "బాబూ, మార్కెట్టు ఎటు పక్క?" అని. వెళ్ళి కొబ్బరాకు బుట్ట కొనుక్కున్నాను.

ఎండతో నడిచే ఫ్రిజ్ పోయిన ఓడలో వచ్చింది. మొదటి టీకా సెమి మనవరాలికి వేశాను. అది కేరుమని ఏడిస్తే నాకెంత సంతోషమైందో చెప్పలేను. మీ మిసెస్ పెథరిక్‌కి రిపోర్టు ఇలా రాసి ఇవ్వు: ఆఫీసు పనికి ఈ సంచి బ్రహ్మాండం. భుజాన ఉంటే తలుపు తెరిపిస్తుంది, చేజారితే ఫ్రిజ్ ఇప్పిస్తుంది.

నీ మరదలు,
తరైవిని

తా.క.: పక్క దీవిలో నర్సు మా పిన్ని కూతురు. నిన్న వచ్చి ఫ్రిజ్ తలుపు తీసింది, వేసింది, మళ్ళీ తీసింది. అది నోరు తెరవబోతుంటే నేనే ముందు, "ఇది నాది కాదే, క్రాంబీ బావది, ఆయన్నే అడగాలి" అన్నాను. నీ చిరునామా రాసుకుని వెళ్ళింది. యంగోన వేరు ఈపాటికి నీకు అందే ఉంటుంది.